రాయి క్షేమంగానే ఉంది

"సోదర సోదరీమణులారా, ఎవరూ కంగారు పడవద్దు! శిలాఫలకం క్షేమంగా ఉంది. ఒక్క అక్షరం కూడా చెదరలేదు."

మంత్రిగారి పీఏ మైకులో ఈ ప్రకటన చేస్తున్న సమయానికి ఆ శిలాఫలకం కింద లా కాలేజీ అటెండరు ఎడమ పాదం ఉంది. పాదానికి అవతల అటెండరు కూడా ఉన్నాడు. గట్టిగా అరుస్తున్నాడు. ఆ అరుపు మైకులోంచి ఆఖరి వరసలో కూర్చున్న విద్యార్థులకి కూడా స్పష్టంగా వినిపించింది. విద్యార్థులు వాదనలు సాధన చేసే ఆ కొత్త మాక్ కోర్టు హాల్లో సౌండ్ సిస్టమ్ ఎంత నాణ్యమైనదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఆరుగురు విద్యార్థులు పరుగెత్తుకొచ్చి రాయి మీద చేతులు వేశారు.

"జాగ్రత్త! జాగ్రత్త!" అంటూ మంత్రిగారు అరిచారు. ఆయన మనసు వెన్న. "అంచులు పట్టుకుని ఎత్తండి. నా పేరు మీద చేతులు పెట్టకండి. బంగారు రంగు ఇంకా ఆరలేదు."

రాయి లేచిన మరుక్షణం టార్ట్స్ మేడమ్ ముందుకు దూకి, అటెండర్ని రెండు చంకల కిందా పట్టుకుని బయటికి లాగింది. తొమ్మిదేళ్లుగా ఆవిడ కాంట్రాక్టు మీద ఆ కాలేజీలో టార్ట్ చట్టం చెబుతోంది. మనిషన్నవాడు తోటి మనిషికి దెబ్బ తగలకుండా మసలుకోవాలి. ఆ జాగ్రత్త తప్పి, దానివల్ల అవతలివాడికి నష్టం జరిగితే బాధ్యత వహించాలి. స్థూలంగా టార్ట్ అంటే ఇంతే. ఏటా జూనియర్లకి ఆవిడ మొదటి క్లాసులో చెప్పేది ఈ ముక్కే. ఆ రోజు ఇదే ముక్కని న్యాయశాఖ మంత్రిగారు స్వయంగా నలభై నిమిషాల పాటు చెప్పారు. "జాగ్రత్త: పౌరుడి ప్రథమ ధర్మం" అన్నది ఉపన్యాసం పేరు. చెప్పి ఊరుకునే మనిషి కాదు గనక, వెంటనే వెళ్ళి, హాలు ప్రారంభిస్తూ శిలాఫలకం మీది కర్టెన్ తాడు లాగారు.

లాగారా? అక్కడే వచ్చింది చిక్కు.

* * *

పావుగంట తరవాత ప్రిన్సిపాల్ గదిలో పీఏ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ ప్రిన్సిపాల్‌ది. ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నారు.

"మూడు గంటలకి అదే హాల్లో ప్రెస్ మీట్," అన్నాడు పీఏ. "ప్రమాదం మీద లా విద్యార్థులే నిష్పాక్షికంగా విచారణ జరిపి బాధ్యుణ్ణి తేలుస్తారు. ఎక్కడా జరగని ప్రయోగం. మంత్రిగారి ఐడియా. రిపోర్టు మీరు రాయాలి మేడమ్."

"విచారణ ఎప్పుడండీ?"

"రిపోర్టు రాశాక."

"బాధ్యుడు ఎవరని రాయాలి?"

"ఛ ఛ, మేం జోక్యం చేసుకోం. మీరే స్వేచ్ఛగా తేల్చండి, అటెండరని."

టార్ట్స్ మేడమ్ ప్రిన్సిపాల్ వైపు చూసింది. ప్రిన్సిపాల్ బల్ల మీది ఫైలు వైపు చూశారు. అది ఆవిడ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు. ఉదయం దాకా బీరువాలో ఉండేది.

"నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషండీ," అంది మేడమ్. "ఇప్పుడు తప్పు ఆయన మీద పడితే ఉద్యోగంలోంచి తీసేస్తారు. రాయి పడిందీ ఆయన మీదే, నిందా ఆయన మీదేనా?"

"అలవాటైన మనిషి మీద పడితే మంచిది కదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్.

"పోనీ, దైవఘటన అని రాస్తాను. గాలివానో భూకంపమో వస్తే ఎవరి బాధ్యతా ఉండదు."

పీఏ తల అడ్డంగా ఊపాడు. "మంత్రిగారు వచ్చిన రోజే దేవుడు రాయి పడేశాడంటే ఏం సంకేతం వెళ్తుంది? వద్దు. దేవుణ్ణి ఇందులోకి లాగొద్దు."

"సరే. తాడు మీద పద్నాలుగు చేతులున్నాయి. కలిసి చేసిన పని కాబట్టి పద్నాలుగు మందీ బాధ్యులే. చట్టంలో ఉంది."

"పద్నాలుగు మందా!" పీఏ మొహం పాలిపోయింది. "మెజారిటీ పడిపోతుంది మేడమ్!"

"అలాగైతే ఎవరినీ విచారించక్కర్లేదు. కొన్ని కేసుల్లో సాక్ష్యమే అవసరం లేదు. రెస్ ఇప్సా లోక్విటర్ అంటారు. వస్తువు తనంతట తనే మాట్లాడుతుంది. గోడకి ఉండాల్సిన రాయి నేల మీద ఉందంటే, ఎవడో అజాగ్రత్తగా ఉన్నాడని ఆ రాయే చెబుతుంది."

పీఏ ఠక్కున లేచాడు. తలుపు తీసి కానిస్టేబుల్ని పిలిచాడు. "ఆ రాయిని స్టోర్ రూములో పెట్టి తాళం వెయ్యండి. ప్రెస్‌వాళ్ళతో మాట్లాడకుండా చూడండి."

రెండు నిమిషాల్లో స్టోర్ రూము ముందు ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా నిలబడ్డారు. ఒకడు తలుపుకి చెవి ఆనించాడు కూడా. ఆజ్ఞ ఆజ్ఞే.

* * *

నిజానికి రాయికి చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. మొదట చెక్కించినది రెండడుగుల రాయి, అందులో ఏడు పేర్లు. స్థానిక ఎమ్మెల్యేగారి పేరు మంత్రిగారి పేరు కన్నా చిన్న అక్షరాల్లో ఉందని ఎమ్మెల్యే మనుషులు గొడవ చేస్తే మూడడుగుల రాయి తెప్పించారు. అందులో ఇద్దరి పేర్లూ సమానంగా ఉన్నాయని మంత్రిగారి మనుషులు గొడవ చేశారు. ఇద్దరిదీ ఒకటే పార్టీ కావడంతో గొడవ మామూలు కన్నా ఎక్కువే జరిగింది. చివరికి పద్నాలుగు పేర్లతో నాలుగున్నర అడుగుల రాయి వచ్చింది. గోడలో దిగేసిన కొక్కేలు మాత్రం మొదటి రాయివే. కొక్కేల మీద ఎవరి పేరూ ఉండదు గనక, వాటిని మార్చమని ఎవరూ అడగలేదు.

రాయి గోడంతా ఆక్రమించడంతో కర్టెన్ రాడ్డుకి చోటు మిగల్లేదు. దాన్ని తెచ్చి రాయికే బిగించారు.

* * *

అటెండర్ని స్పోర్ట్స్ రూములో బల్ల మీద పడుకోబెట్టారు. కాలికి క్రికెట్ ప్యాడ్ కట్టి ఉంది. ప్రథమ చికిత్స చేసినవాళ్ళు ప్రథమ సంవత్సరం విద్యార్థులు.

"అంబులెన్సు ఏదీ?" అంది టార్ట్స్ మేడమ్.

"గేటు దగ్గరే ఉంది మేడమ్," అంది పక్కనున్న అమ్మాయి. క్లాసులో ఆగకుండా ప్రశ్నలడుగుతుందని లెక్చరర్లందరూ ఆ పిల్లని 'క్రాస్ ఎగ్జామినేషన్' అంటారు. "కాన్వాయ్‌లో ఏడో బండి అదే. కాన్వాయ్ కదిలితే గాని అది కదలదట. ప్రెస్ మీట్ అయితే గాని కాన్వాయ్ కదలదట. వేరే కారులో తీసుకెళ్దామంటే కాన్వాయ్ గేటుకి అడ్డంగా ఉంది."

"బాబాయ్, అసలేం జరిగింది?"

"ఏం చెప్పనమ్మా," అన్నాడు అటెండరు పళ్ళ బిగువున. "కర్టెన్ వెళ్ళి రాడ్డులో ఇరుక్కుంది. లాగకండి సార్, నిచ్చెనేసుకుని నేను తీస్తానన్నాను. లాగారు. రాయి కిర్రుమంది. వద్దు సార్ అన్నాను. మళ్ళీ లాగారు. ఇక లాభం లేదని చేతులడ్డం పెట్టుకుని ముందుకెళ్ళాను. మూడోసారికి రాయి నా దగ్గరికే వచ్చేసింది."

"లాగిందెవరు?"

"అన్ని చేతులున్నా లాగిన చెయ్యి ఒక్కటే. ఆ ఉంగరాలు నాకు తెలీవా? కానీ నేను చెబితే ఎవరమ్మా నమ్మేది? సంతకం కూడా పెట్టేశాను."

"దేని మీద?"

"నా కాలే రాయి కిందికి వెళ్ళిందని. సంతకం పెడితే అంబులెన్సు పంపిస్తామన్నారు. పెట్టాక, పరిశీలిస్తామన్నారు."

మేడమ్ వదులైన క్రికెట్ ప్యాడ్ పట్టీని సరిచేసింది.

"ముప్పై నాలుగేళ్ళు ఈ కాలేజీలో గంట కొట్టానమ్మా. ఒక్క నిమిషం ఇటూ అటూ కాలేదు. కాలు పోయినా ఫరవాలేదు గాని, తప్పు చేసి పోయాడని రాయకండి. మీ పిన్ని సంగతి తెలుసుగా? కాలికేమైందని అడగదు. ఏం వెధవ పని చేశావని అడుగుతుంది."

క్రాస్ ఎగ్జామినేషన్ ఫోను చూస్తూ, "మేడమ్, ఎమ్మెల్యే మనుషులు అప్పుడే ఫోటో పెట్టేశారు," అంది. తాడు మీద చేతులన్నిటికన్నా పైనున్న చేతికి ఎర్ర గుండ్రం చుట్టి ఉంది. కింద 'మా ఎమ్మెల్యేగారి అమృతహస్తాలతో హాలు ప్రారంభం' అని రాసి ఉంది. "మేడమ్, ఓ డౌటు. అసలు హాలు ప్రారంభించింది ఎవరన్నట్టు?"

తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. టార్ట్స్ మేడమ్ వెంటనే స్కోరు బుక్కులోంచి నాలుగు ఖాళీ కాగితాలు చింపుకుని రాయడం మొదలుపెట్టింది.

* * *

మూడింటికి హాలు కిటకిటలాడింది. జడ్జి కుర్చీలో మంత్రిగారు, ఆ పక్కన ఎమ్మెల్యేగారు. పరామర్శ ఫోటో కోసం అటెండర్ని బల్లతో సహా మోసుకొచ్చి ముందు వరసలో పెట్టారు. మంత్రిగారు ఆయన భుజం తట్టి ఫోటోలు దిగారు. ఒకటి సరిగ్గా రాలేదంటే మళ్ళీ తట్టారు.

టార్ట్స్ మేడమ్ మైకు ముందు నిలబడింది. స్కోరు బుక్కు కాగితాలు విప్పింది.

"టార్ట్‌లో మూడు ప్రశ్నలు. జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఎవరిది? అది తప్పిందెవరు? ఆ తప్పు వల్లే నష్టం జరిగిందా? ఈ విద్యార్థుల విచారణ కమిటీ ముందుగా ఒక విషయం నిర్ద్వంద్వంగా తేల్చింది. గౌరవనీయులైన మంత్రిగారు తాడు లాగలేదు."

పీఏ తృప్తిగా తలాడించాడు.

"వారి చెయ్యి తాడు మీద ఉంది గాని, ఆ చేతిలో బలం లేదు. ఊరికే ఆనించారు. మిగతా పదమూడు మందీ అంతే. కర్టెన్ అంగుళం కూడా కదల్లేదు. రాయి తనంతట తనే జారింది. అక్కడ నిలబడ్డ అటెండరుదే బాధ్యత."

పీఏ చప్పట్లు మొదలుపెట్టాడు. బల్ల మీద అటెండరు కళ్ళు మూసుకున్నాడు. మంత్రిగారి కనుబొమలు మాత్రం 'బలం లేదు' దగ్గరే ఆగిపోయాయి.

"ఇందువల్ల తేలేది ఇంకొకటుంది," మేడమ్ పేజీ తిప్పింది. "తాడు ఎవరూ లాగలేదు కాబట్టి, ఈ హాలు ఇంకా ప్రారంభం కాలేదు. రాయి మీద ఉన్న 'ప్రారంభించినవారు' అన్న మాట, దాని పక్కనున్న పేరు చట్టరీత్యా చెల్లవు. కొత్త రాయి చెక్కించాలి. హాలు మళ్ళీ ఎవరైనా ప్రారంభించాలి."

ఎమ్మెల్యేగారు వినయంగా లేచారు. చేతులు అప్పటికే జోడించి ఉన్నాయి. "ప్రజల కోరిక అదే అయితే నేను సిద్ధం. కత్తెర కూడా మా కారులోనే ఉంది."

"కూర్చోవయ్యా!" మంత్రిగారు లేచారు. "ప్రారంభం కాకపోవడమేమిటి? నేను వచ్చి ప్రారంభం కాకపోవడమేమిటి?"

పీఏ కంగారుగా చెవిలో ఏదో చెప్పబోయాడు.

"నువ్వుండవోయ్! బలం లేదంటుంటే నీకేం, వింటూ కూచుంటావు! లాగాను. నేనే లాగాను!"

ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. క్రాస్ ఎగ్జామినేషన్. "సార్, క్షమించాలి. లాగితే కర్టెన్ కదల్లేదు కదండీ?"

"అందుకే మళ్ళీ లాగాను. మూడుసార్లు లాగాను!"

"అటెండరుగారు వద్దన్నారట కదా సార్. ఆయన మాట విని మీరు ఆగిపోయారని చెప్పుకుంటున్నారు."

"అటెండరు చెబితే నేను ఆగుతానా?" మంత్రిగారి గొంతు హాలంతా మారుమోగింది. "చేతులడ్డం పెట్టుకుని ఎదురుగా వచ్చాడు. అయినా లాగాను. నిలదొక్కుకోవడం చేతకాని రాయి పడితే అది నా బలం. ముప్పై ఏళ్ళ రాజకీయ జీవితంలో ఎవరో వద్దన్నారని నేను ఏదీ ఆపలేదు."

"నా చెయ్యి కూడా..." అన్నారు ఎమ్మెల్యేగారు.

"మీది ఫోటో చెయ్యి! ఆ పదమూడూ ఫోటో చేతులే. లాగిన చెయ్యి ఇదొక్కటే!" ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. నాలుగు ఉంగరాలూ కెమెరాల వెలుతురులో తళుక్కుమన్నాయి.

బల్ల మీద అటెండరు కళ్ళు తెరిచాడు.

పీఏ నెమ్మదిగా వెళ్ళి మైకు వైరు కోసం గోడ దగ్గర వెతుకుతున్నాడు. సౌండ్ సిస్టమ్ నాణ్యమైనదే గాని, స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

టార్ట్స్ మేడమ్ కాగితాలు మొదటి పేజీకి తిప్పింది. అటెండరు పేరున్న లైను కొట్టేసి, కలం పట్టుకుని నిలబడింది.

"కమిటీ పొరపాటు పడింది. మన్నించాలి సార్. ఇప్పుడే సరిదిద్దుతాం. రికార్డు కోసం మీ పూర్తి పేరు చెబుతారా?"

మంత్రిగారు మైకు దగ్గరికి జరుపుకుని గొంతు సవరించుకున్నారు. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రిగారి పేరు, డిగ్రీలు, తమ శాఖ, అదనంగా చూస్తున్న మరో రెండు శాఖలు, అన్నీ వరసగా, తొందర లేకుండా, రాసుకునేవాళ్ళకి వీలుగా చెప్పారు.