ఊరేగిన పందిరి

సత్ప్రసాద పండుగ గురువారం వచ్చింది. ఆదివారం దాకా సెలవే. ప్రార్థన అవగానే సరస్సు ఒడ్డుకు వెళ్లాలని లుబోమిర్ ఆశ. అందుకోసం లాగితే లేచి నిలబడే పందిళ్లు రెండు తెచ్చాడు, ఒకటి పచ్చది, ఒకటి తెల్లది. ఏది వానకు ఆగుతుందో మూడు వారాలుగా తేలడం లేదు.

"ఊరేగింపు చర్చికి చేరేలోపు తేల్చు," అంది భార్య బోగ్నా. "లేదంటే కిందటేడులాగే సెలవంతా మా అమ్మ దగ్గరే."

అత్తగారిల్లు పై వీధిలోనే. అక్కడ తెల్లారకముందే లేచి బంగాళాదుంప మొక్కల మీద పురుగులు ఏరాలి.

లుబోమిర్ తెల్లదాన్ని గేటు ముందు నిలబెట్టి, దాని కింద కళ్లు మూసుకున్నాడు. రెల్లుగడ్డి, నీటి మీద పొగమంచు, ఎక్కడో కొంగ. కళ్లు తెరిస్తే ఎదురింటి తెక్లా, చేతుల్లో దేవుడి పటం.

"బతికించావు నాయనా. ఈసారి మన వీధిలో ఊరేగింపు ఆగడానికి పీఠమే లేదని బెంగపడ్డాను."

"ఇది పీఠానికి కాదు పిన్నీ, సరస్సు దగ్గర..."

"సరస్సు ఎక్కడికీ పోదు. బల్ల పట్రా."

బల్ల తెచ్చాడు. దాని మీద కుట్టుపూల గుడ్డ, కూజాల్లో పూలు, పందిరి కాళ్లకు బర్చ్ చెట్టు కొమ్మలు వచ్చి చేరాయి. పిల్లలు పూరేకులు చల్లుతుండగా ఊరేగింపు వచ్చి ఆగింది. వీధంతా మోకరిల్లింది. సరిగ్గా అప్పుడే సన్నని వాన మొదలైంది.

ఫాదర్ మీద పట్టిన పాత పట్టు చాందినీ కారుతోంది. దాన్ని మోస్తున్న అగ్నిమాపక దళం వాళ్లు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుని, దాన్ని పక్కన పెట్టి, తలా ఒక కాలు పట్టి పందిరిని ఫాదర్ మీదికి లేపారు. బర్చ్ ఆకులతో సహా అది తెల్లమబ్బులా వీధి వెంట తేలిపోయింది.

లుబోమిర్ వెనకాలే పరుగెత్తాడు. "అన్నా, ఎప్పుడిస్తారు?"

"ఇంకా మూడు పీఠాలున్నాయి. పాట పాడు."

పాడుతూ నడిచాడు. రొట్టెల డబ్బాతో బోగ్నా కలిసింది. "అది మనదేనా?"

"ప్రస్తుతానికి దేవుడిది."

రెండు గంటల వాన తర్వాత పందిరి చర్చి గుమ్మంలో దిగింది. బోగ్నా కుట్ల లోపలివైపు వేలితో తడిమింది. పొడిగా ఉంది. "ఇదే. పద సరస్సుకు," అంది. లుబోమిర్‌కు మళ్లీ కొంగ కనిపించింది.

అంతలో పందిరి కిందినుంచే ఫాదర్ వెనక అత్తగారు బయటికొచ్చింది. కాళ్ల నొప్పులని ఆయనే లోపలికి పిలిచారట, మరో ఇద్దరు ముసలమ్మలతో పాటు.

"ఒక్క చుక్క పడలేదు అల్లుడూ. ఇలాంటిదుంటే నేనూ సరస్సుకు వస్తాను."

చోటు లేదనడానికి వీల్లేదు. మోసినవాళ్లతో కలిపి దాని కింద ఎనిమిది మంది పట్టడం ఊరంతా చూసింది.