వియ్యపురాలి వేడినీళ్ళ ఊట

తాండూరులో నాపరాళ్ళ దుకాణం నడిపే సూర్యప్రకాశ్ ఆ బుధవారం పొద్దున చాయ్ తాగుతూ తన పథకాన్ని భార్య అనసూయమ్మకు మూడోసారి వివరించాడు. తాను ఇవ్వాళే వికారాబాద్ వెళ్ళి, గుట్టల మీది అడవిలో వేడినీళ్ళ ఊట దగ్గర దారి శుభ్రం చేయిస్తాడు. రేపు పొద్దున ప్యాసింజర్ బండిలో అనసూయమ్మా, కూతురు ఇంద్రమ్మా, వియ్యపురాలు కౌసల్యమ్మా వస్తారు. కౌసల్యమ్మ మోకాళ్ళు వేడినీళ్ళలో నానుతాయి. నొప్పి తగ్గితే మనసు మెత్తబడుతుంది. అప్పుడు అసలు మాట కదపాలి.

అసలు మాట ఇంద్రమ్మది. పోయిన ఎండాకాలంలో పెళ్ళయిన ఆ పిల్లకు మార్చిలో మెట్రిక్ పరీక్ష. ఇంకా రెండు నెలలుందనగా కౌసల్యమ్మ కన్నడం మాట్లాడే సేడం నుంచి దిగి, కోడల్ని ఈ శనివారమే తీసుకుపోతానంది. ఇంద్రమ్మ ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. పెట్టె సర్దుకుంటూ మధ్యమధ్య లెక్కల పుస్తకం తెరిచి ఒక్కో లెక్క చేసుకుంటోంది. అది చూసినప్పటి నుంచి సూర్యప్రకాశ్‌కు అన్నం సయించడం లేదు. వియ్యపురాలితో ఎదురుపడి వాదించే ధైర్యం ఆయన వంశంలో ఎవరికీ లేదు.

ఇక ఊట సంగతి. మొన్న కార్తీక మాసంలో తెల్లవారుజామున ఆ గుట్ట మీది ఏనుగుబండ గుండంలో మునిగి, నీళ్ళు వెచ్చగా తగిలేసరికి ఉప్పొంగిపోయిన వాడు ఈయనే. గుండం మీద ఆవిరి కూడా చూశాడు. ఇంటికి రాగానే వియ్యపురాలికి ఉత్తరం రాశాడు. రాసేటప్పుడు చేయి ఊరుకుంటుందా? ‘పెసలు మూటగట్టి ముంచితే చిటికెలో ఉడికినవి’ అని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం లేకుంటే ఈ కథ లేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన గుండం చేరాడు. వెంట జమాల్ ఉన్నాడు. పెళ్ళిళ్ళకు వంటపాత్రలూ షామియానాలూ అద్దెకిచ్చే జమాల్, సూర్యప్రకాశ్‌తో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. సూర్యప్రకాశ్ భక్తిగా కాలు నీళ్ళలో పెట్టి, కెవ్వుమని వెనక్కి గెంతాడు.

“అరె జమాల్! నీళ్ళు సల్లారిపోయినయి!”

“సల్లారుడేంది సూర్యా, గివి ఎప్పుడు కాగినయి గనక? చలికాలం తెల్లారంగ ఏ బాయిల నీళ్ళైనా ఎచ్చగనే తగుల్తయి. బయట సలి, లోపట నీళ్ళు. మా ఇంటి బాయి మీద గూడ పొద్దుగాల పొగలే.”

“మరి కార్తీకంల నాతోని ఎందుకు జెప్పలే?”

“నువ్వు అడిగినవా?”

సూర్యప్రకాశ్ బండ మీద కూలబడ్డాడు. ఊట లేదని చెబితే ఉత్తరం అబద్ధమవుతుంది. అబద్ధాలాడే తండ్రి మాట నమ్మి పిల్లను రెండు నెలలు ఎవరు వదులుతారు? ఇంద్రమ్మ పెట్టె కళ్ళ ముందు ఆడింది. జమాల్ మిత్రుడి ముఖం చూసి, గుండం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. గుండం పెద్దదేమీ కాదు, నలుగురు కూర్చుంటే అయిదో మనిషికి చోటుండదు. దాని వెనక ఏనుగంత బండ. బండకు ఆవలి వైపు నీళ్ళు ఊరి, సన్నటి కాలువగుండా ఈవలికి పడతాయి.

“ఫికర్ జెయ్యకు. కాలువ మొదట్ల గోనెసంచి కుక్కి సల్లనీళ్ళు ఆపుదం, గుండంల ఉన్నయి తోడి పారబోద్దం. బండెనుక మూడు గంగాళాలు పొయ్యి మీద పెడ్త. మీ పెండ్లిళ్ళకు ఇచ్చేటియే, నీసు వంట ముట్టనియి. కాగంగనే కాలువల పోస్త. ఊటనే అనుకుంటరు.”

“దేవుడు చూస్తడు రా!”

“చూడనీ. ఆయన సేడం పోయి చెప్తడా?”

గురువారం పది గంటలకు ఆడవాళ్ళ ఎడ్లబండి గుట్టెక్కింది. అప్పటికే బండ వెనక జమాల్, పెళ్ళి వంటల్లో చేయి తిరిగిన కాశమ్మ కలిసి రెండు గంగాళాల వేడినీళ్ళు కాలువలో పోసేశారు. గుండం మీద ఆవిరి కమ్ముకుంది. కౌసల్యమ్మ బండి దిగి, నడుం పట్టుకుని మెట్టు దాకా వచ్చి, పాదం ముంచింది.

“హౌదా! అన్నా, నిజంగనే ఎచ్చగున్నయి!” అని ఆమె మోకాళ్ళ దాకా దిగింది. సూర్యప్రకాశ్‌కు ప్రాణం లేచొచ్చింది. చీరతో తెర కట్టించి, తాను మర్యాదగా బండ చాటుకు తప్పుకున్నాడు.

ఆ సుఖం పావుగంట కూడా నిలవలేదు. “అన్నా, ఊట ఆగాగి వస్తున్నదేంది?” అని తెర వెనక నుంచి కేక వచ్చింది.

“భూమి ఊపిరి దీస్కుంటది, చెల్లెమ్మా!” అని బండ వెనక నుంచి జవాబిచ్చి, సూర్యప్రకాశ్ తానే ఊదుగొట్టం అందుకున్నాడు.

కాసేపటికి ఇంకో కేక విని ఆయన తెర దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఆమె కొంగున ముడేసిన మూట విప్పింది. పిడికెడు పచ్చి పెసలు. “ఉత్తరంల రాసినవు గదా. గా ఊట పుట్టేకాడ, మస్తు కాగేకాడ ఇది కట్టు. మా ఊర్ల నమ్మనోళ్ళున్నరు, ఉడికినయి పట్కపోయి చూపిస్త.”

మూట పట్టుకుని సూర్యప్రకాశ్ బండ వెనక్కి పరుగెత్తాడు. కాశమ్మ చేతిలో పెట్టి, “జల్ది ఉడకబెట్టు తల్లీ, ఉడికినంక మల్ల గిదే గుడ్డల గట్టు” అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. చెప్పాల్సింది.

సరిగ్గా అప్పుడు అడవి గార్డు కిష్టయ్య వచ్చాడు. ఆ అడవి సర్కారు కాపాడే అడవి. నిప్పు పెట్టరాదు, కట్టె కొట్టరాదు అని దారి మొదట్లోనే పలక కొట్టి ఉంది. “పొగ రెండు మైళ్ళ దాంక కనవడ్తున్నది సేటూ! ఎవరి పెండ్లి ఇది?”

సూర్యప్రకాశ్ చేతులు జోడించాడు. ఉత్తరం, మోకాళ్ళు, మెట్రిక్, లెక్కల పుస్తకం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. కిష్టయ్య టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

“మా బిడ్డ అయిదో తరగతిల ఫస్టొచ్చింది సేటూ. ఊర్ల ఆరు లేక ఇంటికాడ కూసున్నది” అని, పొయ్యి వైపు అసహ్యంగా చూశాడు. “గివి పచ్చి కట్టెలు, గందుకే గింత పొగ. జరుగుండ్రి, ఎండు కొమ్మలు నేను ఏరుకొస్త. గంట కంటె ఎక్కువ మాత్రం నడ్వది.”

గంటలో ముగిసేదే. కానీ గుట్ట మీది గుడికొచ్చి తిరిగిపోతున్న మోమిన్‌పేట్ ఆడవాళ్ళు పదిమంది ఆవిరి చూసి ఆగారు. వాళ్ళ పెద్ద హన్మమ్మ నీళ్ళలో చేయి పెట్టి, “గంగమ్మ తల్లి కాగుతున్నదే!” అని అరిచింది. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. నలుగురు పట్టే గుండంలో వంతులేసుకుని దిగారు. కాలువ మూతికి పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఒకామె కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప కాలువలోకి వదిలింది.

“సూర్యా, మనం దేవతలమైనం” అన్నాడు జమాల్ చెమట తుడుచుకుంటూ. “నీళ్ళు మాత్రం సాల్తలేవు.”

కిష్టయ్య కట్టెలు మోశాడు. జమాల్ బిందెలు ముంచాడు. సూర్యప్రకాశ్ ఊదీ ఊదీ నల్లబడ్డాడు. మధ్యలో కౌసల్యమ్మ పిలిస్తే తెర దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

“మొఖమేంది అన్నా, గట్ల నల్లగైంది?”

“ఎండ, చెల్లెమ్మా.”

పుష్య మాసపు ఎండ అది. అనసూయమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

“ఒక్క మాట జెప్పాలె” అంది కౌసల్యమ్మ హాయిగా కళ్ళు మూసుకుని. “మోకాళ్ళు తేలికైనయి. ఒక మండలం జేస్తే నొప్పి రూపే లేకుండ పోతది. నలబై దినాలు రోజూ వస్త.”

సూర్యప్రకాశ్ తెర గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నలభై రోజులు! అడవిలో అన్ని కట్టెలు లేవు, ఆయనలో అంత ఊపిరి లేదు. బండ వెనక్కి వెళ్ళి, కాశమ్మ అందించిన వేడి మూటను విప్పి చూడకుండా తెచ్చి వియ్యపురాలి చేతిలో పెట్టాడు.

అందరూ గుమిగూడారు. కౌసల్యమ్మ ముడి విప్పింది. పెసలు మెత్తగా, విడివిడిగా, చక్కగా ఉడికాయి. వాటి మధ్య ఆవాలున్నాయి. ఎండుమిరపకాయ ముక్కలున్నాయి. పైన కరివేపాకు నిగనిగలాడుతోంది. ముప్పై ఏళ్ళు పెళ్ళి వంటలు చేసిన, పోపుల డబ్బా లేనిదే గడప దాటని కాశమ్మ చేయి, గుగ్గిళ్ళను పోపు లేకుండా పంపడానికి ఒప్పుకోలేదు.

“అమ్మో! తల్లి పోపు గూడ బెట్టిందే!” అని హన్మమ్మ అక్కడికక్కడే సాష్టాంగపడింది.

కౌసల్యమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. ఉప్పు కూడా సరిపోయింది. ఆమె మూటను కోడలి చేతికిచ్చి, నీళ్ళలోంచి లేచి, తడి కుచ్చెళ్ళతో తిన్నగా బండ వెనక్కి నడిచింది. మోకాళ్ళు నిజంగానే తేలికయ్యాయో ఏమో, ఎవరూ ఆపే లోపే చేరింది. అక్కడ జమాల్ ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, కిష్టయ్య కట్టెల మోపుతో, కాశమ్మ గరిటెతో బిగుసుకుపోయారు.

“ఇదంత ఎవరి కోసం?”

“మీ మోకాళ్ళ కోసమే అమ్మా” అన్నాడు జమాల్.

వెనకే పరుగెత్తుకొచ్చిన సూర్యప్రకాశ్ ఇక దాచలేదు. “తప్పు నాది చెల్లెమ్మా. ఊట లేదు, ఏం లేదు. బిడ్డ పరీక్ష రాయాలె. మీరు సంబురంగ ఉన్నప్పుడు అడుగుదమని గిట్ల జేసిన.”

కౌసల్యమ్మ మసి పట్టిన గంగాళం చుట్టూ తిరిగి చూసింది. అందరూ తిట్లకు సిద్ధపడ్డారు.

“పద్నాలుగేండ్లకు సేడం వచ్చిన” అంది నెమ్మదిగా. “అత్తకు, మామకు, పెనిమిటికి, పిల్లలకు. ముప్పై అయిదేండ్లు కోడి కూయకముందే లేచి నీళ్ళు కాగబెట్టిన. అందరైనంక నాకు మిగిలేటియి సల్లనీళ్ళే. నా కోసం ఒక్క పుల్ల ముట్టిచ్చినోళ్ళు లేరు. ఇయ్యాల ఇంతమంది పొగ మింగిన్రా?”

కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే, సూర్యప్రకాశ్ మసి ముఖాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి కట్టెల మోపు మీదే కూర్చుంది. “నా కోసం మీరింత జేస్తే, పిల్ల కోసం నేను రెండు నెలలు ఆగలేనా? రాయనీ. పాసైనంకనే పంపుండ్రి.”

చేతిలో మూట పట్టుకుని నిలబడ్డ ఇంద్రమ్మ అప్పుడు ఏడ్చింది, అన్ని రోజులదీ కలిపి. అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పెసలు తినిపించింది. సంతోషం పట్టలేక కిష్టయ్య నిప్పులార్పుదామని కాలువలో కుక్కిన తడి గోనెసంచి లాగేశాడు. చన్నీళ్ళు ఒక్కసారిగా కాలువలో దూకాయి. గుండంలో ఇంకా నలుగురున్నారు. ఆ కేకలకు అడవిలో పిట్టలన్నీ లేచిపోయాయి.

“తల్లికి కోపమొచ్చింది! ఇగ నడువుండ్రి!” అని హన్మమ్మ తన వాళ్ళందరినీ తోలుకుపోయింది.

సాయంత్రం తాండూరు బండిలో కౌసల్యమ్మ కునుకు తీస్తోంది. ఇంద్రమ్మ లెక్కలు చేసుకుంటోంది. గండం గడిచిందని సూర్యప్రకాశ్ చెవుల వెనక మసి తుడుచుకుంటుంటే, అనసూయమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“మనకు లగ్గమై ఎన్నేండ్లైంది?”

“ఇరవై రెండు. ఎందుకు?”

“ఏం లేదు. వదినె మాట యాదికొచ్చింది.”

మర్నాటి నుంచి తాండూరులోనూ ఒక వేడినీళ్ళ ఊట పుట్టింది. రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేచి దాన్ని ఊదేది సూర్యప్రకాశే.