కిటికీకి వీపు పెట్టరాదు

కొత్త కంప్యూటర్ పెట్టె అడుగున ఒక పుస్తకం ఉంటుంది. మీరు దాన్ని థర్మోకోల్ ముక్కలతో కలిపి చెత్తలో పారేసే రకమైతే, దయచేసి చదవడం ఇక్కడే ఆపేయండి. మీలాంటివాళ్ళతో నాకు మాటల్లేవు. ఈ రోజుల్లో మనిషి మేలు కోరి రాసిన పుస్తకం ఏదైనా ఉందంటే అది ఆ భద్రతా సూచనల పుస్తకం ఒక్కటేనని నేను ఘంటాపథంగా చెప్పదలచుకున్నాను.

నవ్వకండి! మీ గురించి అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు ఇంకెవరున్నారు? మోచేతులు ఎలా మడవాలో చెబుతుంది. పాదాలు నేలకు ఆనాయో లేదో అడుగుతుంది. మెడ వంచొద్దంటుంది. తెర చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలంటుంది. మధ్యమధ్యలో దూరంగా ఉన్న చెట్టునో పుట్టనో చూసి కళ్ళకు విశ్రాంతి ఇమ్మంటుంది. తడిచేత్తో ప్లగ్ ముట్టుకోవద్దు. యంత్రం మీద పూలకుండీ పెట్టొద్దు. యంత్రం మీదికెక్కి నిలబడొద్దు. పెట్టెలో ఉన్న తేమ పీల్చే చిన్న పొట్లాన్ని తినొద్దు! నా పెళ్ళినాడు మా పెద్దలంతా కలిసి ఇందులో సగం జాగ్రత్తలు కూడా నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే సంసారం ఇంకొంచెం సాఫీగా సాగేది.

ఆ పుస్తకం విలువ తెలిసిన ఆఫీసు నాకు తెలిసి భూమ్మీద ఒక్కటే ఉంది. అది మాదే. తజిమి అనే ఊళ్ళో స్నానాల గదులకు టైల్స్ చేసే కంపెనీ. వెనక బట్టీలు, ముందు ఆఫీసు. ఎండాకాలంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

మా సెక్షన్ హెడ్ కురమోచి గారు. మా దగ్గర బల్లలన్నీ ఒకదానికొకటి ఆనించి దీవిలా వేసి ఉంటాయి. కొత్తగా చేరినవాడు తలుపు దగ్గర కూర్చుంటాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కో కుర్చీ లోపలికి జరుగుతూ వస్తాడు. దీవి కొసన అడ్డంగా ఒక బల్ల, దాని వెనక కిటికీ. ఆ కిటికీకి వీపు పెట్టి, మా అందరి ముఖాలూ చూస్తూ కూర్చునే హక్కు సెక్షన్ హెడ్ ఒక్కరిదే. కురమోచి గారు జుట్టు నల్లగా ఉన్నప్పుడు తలుపు దగ్గర మొదలుపెట్టి, అది పూర్తిగా నెరిశాక ఆ కిటికీకి చేరారు. ఆ చోటు పోతే ఆయనకు ఉద్యోగం పోయినట్టే. ఈ కథంతా ఆ చోటు గురించే.

మొన్న వానల్లో ఆయన పాత కంప్యూటర్ మూలిగి మూలిగి ఊరుకుంది. కొత్తది వచ్చింది. దాని వెనకే మినోవ గారు వచ్చారు.

మినోవ గారు మా భద్రతా అధికారిణి. ఆఫీసులోకి రాకముందు చాలాకాలం బట్టీల దగ్గర పనిచేశారు. బట్టీ వెలిగించే ముందు అక్కడ ఒక పద్ధతుంది. ఒక్కో వస్తువునూ వేలితో చూపించి, దాని పేరు పైకి చెప్పి, ‘సరే’ అని కేక వేయాలి. ఆ కేక లేకుండా ఆవిడ మంచినీళ్ళు కూడా తాగరు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కొలతల టేపు పట్టుకుని కొత్త కంప్యూటర్ ముందు నిలబడ్డారు.

“ప్లగ్. బిగుతుగా ఉంది. సరే!”

“సరే!” అన్నాం మేమందరం లేచి నిలబడి, వేళ్ళు చాచి.

“తీగ. కుర్చీ చక్రం కింద నలగట్లేదు. సరే!”

“సరే!”

రంగుపొడి కంపెనీ నుంచి ఏదో పనిమీద వచ్చిన ఏజెంటు కూడా ఎందుకైనా మంచిదని వేలు చాచి మాతోపాటు అరిచాడు.

తర్వాత మినోవ గారి చూపు కుర్చీ మీద పడింది.

“పాదాలు నేలకు ఆనుతున్నాయా సార్?”

“ఆనుతున్నాయమ్మా.”

“మడమలు కూడానా?”

“మడమల సంగతి ఇప్పుడెందుకులెండి,” అన్నారు కురమోచి గారు.

ఆయన కొంచెం పొట్టిమనిషి. హోదాకు తగ్గట్టు కుర్చీని ఎత్తి పెట్టుకున్నారు. మినోవ గారు వంగి మీట నొక్కారు. దీవి మొత్తానికీ ఎత్తుగా కనిపించే మనిషి, ఉస్సుమని గాలిపోతూ, నా పక్క సీటు హిజుమే భుజాల కిందికి దిగిపోయారు. గమనించారా? పైవాణ్ణి కిందికి దించడానికి లోకంలో ఎన్ని విప్లవాలు జరిగాయి, ఎంత రక్తం పారింది! ఈ పుస్తకం ఒక్క మీటతో పని కానిచ్చింది. పైగా నడుము నొప్పి కూడా రాదట.

ఆ తర్వాతే అసలు పేజీ వచ్చింది.

“కిటికీకి వీపు పెట్టరాదు,” అని చదివారు మినోవ గారు. “వెలుతురు తెర మీద పడి కళ్ళు దెబ్బతింటాయి. కిటికీ పక్కవాటుగా ఉండాలి.”

మా తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి.

“అది వేరే దేశపు కిటికీల గురించి రాసుంటారమ్మా,” అన్నారు కురమోచి గారు.

“మన కిటికీల గురించే సార్. బొమ్మ కూడా వేశారు. బొమ్మలో మనిషి మీద ఇంటూ గుర్తు కొట్టారు.”

హిజుమే మెడ సాచి చూశాడు. వాడి నోరు ఊరుకోదు. “అచ్చం మీలాగే ఉన్నాడు సార్. కళ్ళజోడు కూడా అదే.”

“నాకు తెర బాగానే కనిపిస్తోంది.”

“ఏం కనిపిస్తోంది సార్?” అన్నారు మినోవ గారు.

కురమోచి గారికి అబద్ధమాడడం చేతకాదు. “మబ్బులు,” అన్నారు.

మీరనుకుంటారు, అంతటితో ఆయన లొంగిపోయారని. మా సెక్షన్ హెడ్ గురించి మీకు తెలియదు. మర్నాడు వస్తూనే కిటికీకి పరదా దించేశారు. కిటికీ దక్కింది, వెలుతురు పోయింది. ఆఫీసంతా చీకటి. “ఇంటర్వెల్ ఎప్పుడు సార్?” అని హిజుమే గుసగుసలాడాడు. మినోవ గారు టార్చిలైటు వేసుకుని వచ్చి, గది మరీ చీకటిగా ఉండరాదన్న పేజీ చదివి వినిపించి వెళ్ళారు.

మరుసటి రోజు ఆయన వాళ్ళావిడ ఎండగొడుగు తెచ్చి కుర్చీకి కట్టుకున్నారు. లేత ఊదారంగుది, అంచుకు లేసు. గది లోపల గొడుగు గురించి పుస్తకంలో ఏమీ లేదని మినోవ గారు రెండుసార్లు వెతికి మరీ ఒప్పుకున్నారు. ఫ్యాన్ మాత్రం ఒప్పుకోలేదు. గొడుగు ఊడి వెళ్ళి తలుపు దగ్గర సీటులో పడింది. ఆయన ఉద్యోగం మొదలుపెట్టిన సీటు అదే.

ఇక చివరి అస్త్రం అట్టపెట్టె. టైల్స్ పంపించే పెద్ద పెట్టెకు ఒక పక్క కోసేసి, దాన్ని తెర మీద బోర్లించి, తల లోపల పెట్టి కూర్చున్నారు. ఏం చెప్పినా పెట్టెలోంచే చెప్పేవారు. మేము కాగితాలు పట్టుకెళ్ళి పెట్టెకు వంగి దండం పెట్టి, పెట్టె ‘ఊఁ’ అన్నాక వెనక్కి వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం కంపెనీ యజమాని గారు అటుగా వచ్చారు. దీవి కొసన ఒక సూటూ, దాని పైన తలకు బదులు అట్టపెట్టే, ఆ పెట్టె మీద ‘పెళుసు వస్తువు, తలకిందులు చేయరాదు’ అన్న అక్షరాలూ కనిపించాయి. ఆయన మర్యాదగల మనిషి. పెట్టెకు నమస్కారం పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

కాసేపటికి కంప్యూటర్ వేడెక్కి రొప్పడం మొదలుపెట్టింది.

“గాలి రంధ్రాలు మూయరాదు,” అన్నారు మినోవ గారు. ఈసారి పుస్తకం చూడకుండానే చెప్పారు.

కురమోచి గారు తల బయటికి తీశారు. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. “తిప్పండి,” అన్నారు.

మేము తలో చెయ్యి వేసి బల్లను పావువంతు తిప్పాం. కిటికీ ఆయన ఎడమ పక్కకు వచ్చింది. ఆయన వీపు గోడ వైపు పోయి, కంప్యూటర్ తెర మాకు అడ్డంగా, నా సీటు నుంచి నిక్షేపంలా కనిపించేలా నిలబడింది. మినోవ గారు వేలు చాచి “కిటికీ. పక్కన. సరే!” అన్నారు. మేము సరే అన్నాం గానీ, వేళ్ళు సగమే చాచాం. ఒక మనిషి జుట్టు నెరిసేదాకా నడిచి చేరుకున్న చోటును పుస్తకంలో బొమ్మ చూపించి తిప్పేశారు. నాకు నిజంగానే బాధేసింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. పరువు పోయిందనే ఆ బాధంతా అని అప్పుడు అనుకున్నాను.

సాయంత్రం అయిదున్నరకు మా ఆఫీసులో గంట మోగుతుంది. మోగుతుంది, అంతే. ఎవరూ లేవరు. సెక్షన్ హెడ్ ఇంకా పనిచేస్తుంటే కిందివాడు సంచీ సర్దుకోవడం మా దగ్గర లేదు. ఆయన లేవరు. కాబట్టి మేమూ లేవం. మాకు పనుండదు, కానీ పని ఉన్నట్టు కూర్చోవడం పని చేయడం కంటే కష్టం. నేను నమూనా టైల్స్‌ను రంగుల ప్రకారం పేరుస్తాను, తర్వాత సైజుల ప్రకారం పేరుస్తాను, తర్వాత మళ్ళీ రంగులు. హిజుమే మోగని ఫోన్ ఎత్తి “అలాగేనండీ, తప్పకుండానండీ” అంటుంటాడు. ఇంటి దగ్గర భోజనాల బల్ల ముందు నేను కూర్చునే దిండు మీద మా పిల్లి కూర్చోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. సీనియారిటీ ప్రకారం ఇప్పుడది దానిదే. “అంత కష్టపడే హెడ్ దొరకడం మీ అదృష్టం,” అంటుంది మా ఆవిడ. ఆ గొంతులో నాకు అదృష్టం ఎక్కడా వినపడదు.

ఆ రోజు కూడా గంట మోగింది. అందరం కూర్చున్నాం. నేను అలవాటుగా నీలం టైల్ ఎత్తి, తల తిప్పి చూశాను. కురమోచి గారి తెర నా కళ్ళముందు తేటతెల్లంగా ఉంది.

తెర నిండా పేకముక్కలు.

ఆయన తదేకంగా చూస్తూ, కళావరు పది తీసుకెళ్ళి డైమను జాకీ మీద పెట్టారు. హిజుమే ఫోన్‌లో “అలాగేనండీ” అంటూ ఇటు తిరిగి, మాట మధ్యలో ఆపేశాడు. ఆ నిశ్శబ్దానికి కురమోచి గారు తలెత్తారు. మా అందరి చూపులూ ఎక్కడున్నాయో చూశారు. దాచడానికి ఇప్పుడు అట్టపెట్టె కూడా లేదు.

“పని లేదు,” అన్నారు చివరికి, తప్పుచేసిన పిల్లాడిలా. “నా పని నాలుగింటికే అయిపోతుంది.”

“మరి ఇంటికి వెళ్ళొచ్చు కదా సార్?” అన్నాడు హిజుమే.

“ఎలా వెళ్తానయ్యా? మీరంతా ఇంకా పనిచేస్తుంటారు. కిందివాళ్ళు కష్టపడుతుంటే పైవాడు సంచీ తీసుకుని బయల్దేరితే ఏం బాగుంటుంది? మీరు లేచాక లేద్దామని…”

“ఎప్పట్నుంచి సార్?” అన్నాను నేను.

“ఈ కుర్చీలోకి వచ్చినప్పట్నుంచీ. ముందు మా ఆవిడ అన్నం వేడిగా ఉంచేది. ఇప్పుడు ఉంచట్లేదు.”

మినోవ గారు టేపు చుట్టడం ఆపేశారు. “మేము మీరు లేస్తే లేద్దామని కూర్చుంటున్నాం సార్.”

కురమోచి గారు మమ్మల్ని చూశారు. మేము ఆయన్ను చూశాం. అందరం ఒక్కసారిగా నవ్వాం. నవ్వుతుంటే హిజుమే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడికి కిందటేడే పెళ్ళయింది.

ఆ తర్వాత ఏమైందంటారా? అందరం సంచీలు భుజాన వేసుకుని ఇళ్ళకు పరుగెత్తామనుకుంటున్నారా? మీరు మా ఆఫీసులో ఎప్పుడూ పనిచేయలేదన్నమాట. “ముందు మీరు వెళ్ళండి సార్,” అన్నాం మేము. “అబ్బే, మీరు కానివ్వండి,” అన్నారాయన. “మీకంటే ముందా?” అన్నాడు హిజుమే. “నా కళ్ళముందు మీరు ఆగిపోతే నేనెలా కదులుతాను?” అన్నారాయన. అలా తలుపు దాకా వెళ్ళి, ఒకరికొకరు దారిచ్చుకుని, ఇచ్చుకుని, కాళ్ళు లాగి తిరిగొచ్చి ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నాం.

అయితే ఒక మేలు జరిగింది. ఇప్పుడు సాయంత్రాలు టైల్స్ పేర్చక్కర్లేదు. అందరం కుర్చీలు జరుపుకుని కురమోచి గారి వెనక చేరుతున్నాం. “ఇస్పేటు ఎనిమిది మీద ఆఠీను ఏడు పెట్టండి సార్,” అంటాడు హిజుమే. మినోవ గారు మాత్రం అందరి మోచేతులూ, మడమలూ చూసుకుంటూ తిరుగుతారు. మెడలు నిటారుగా ఉంటున్నాయి. కళ్ళు తెరకు సరైన దూరంలో ఉంటున్నాయి. ఇంత భద్రంగా, ఇంత ఆరోగ్యంగా ఇంటికి వెళ్ళకుండా ఉన్న ఆఫీసు దేశంలో ఇంకొకటి ఉండదు.

నిన్న ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా మళ్ళీ చదివాను. ఎలా కూర్చోవాలో ఉంది. ఎక్కడ కూర్చోవాలో ఉంది. కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, నడుము వెనక దిండు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఎప్పుడు లేచి ఇంటికి పోవాలో మాత్రం ఏ పేజీలోనూ ఒక్క ముక్క లేదు!

కంప్యూటర్లు తయారుచేసే మహానుభావులారా, మీకు చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే ముద్రణలో, ఆ పొట్లం తినొద్దన్న మాట కింద కొంచెం ఖాళీ ఉంది. అక్కడ ‘పని అయ్యాక ఇంటికి వెళ్ళవలెను’ అని ఒక్క వాక్యం వేయించండి. ఎవరు ముందు వెళ్ళాలో కూడా బొమ్మ వేసి చూపిస్తే మరీ మంచిది. అచ్చులో ఉంటే చాలు, మినోవ గారు మమ్మల్ని పంపించేస్తారు.