ఖాళీ ఇంట్లో పొంగిన పాలు

ఆ ఆదివారం పొద్దున సదాశివ వేసుకున్న పథకం చాలా చిన్నది. కురోదా గారు వచ్చేసరికి ఇంట్లో వాసన ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు, సామాను ఉండకూడదు. ఈ మూడూ లేకుండా జహీరాబాదులో ఇంతవరకు ఎవరూ కాపురం చేసిన దాఖలా లేదు. అయినా ఒక్క పూటే కదా అనుకున్నాడు.

ఊరి బయట జపాను వాళ్ల పొత్తుతో మోటారు బండ్ల కార్ఖానా వెలిసి అప్పటికి ఏడాది దాటింది. అందులో సూపర్‌వైజరైన సదాశివను ఏడాది శిక్షణకు జపాను పంపుతామన్నారు. దసరా దాటాక ప్రయాణం. ఒంటరిగా వెళితే కంపెనీ హాస్టలుంది. భార్యను తీసుకెళ్లాలంటే మాత్రం అక్కడ ఇల్లు తనే చూసుకోవాలి. "పోతె ఇద్దరం పోదాం. లేకుంటె మీరు గూడ పోయేది లేదు," అని మనోరమ తేల్చి చెప్పింది. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. ఆమెను విడిచి ఏడాది ఉండటమంటే సదాశివకూ కాళ్లూ చేతులూ ఆడటం లేదు. అలా జపానులో ఒక అద్దె ఇంటి మీద అతని ఉద్యోగమూ కాపురమూ రెండూ వేలాడుతున్నాయి.

ఆ ఇల్లు దొరకడం ఎంత కష్టమో చెప్పినవాడు రామ్‌కిషన్. అదే కార్ఖానాలో పనిచేస్తూ ఆరునెలలు జపానులో ఉండి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆ దేశం గురించి ఊళ్లో ఎవరికి ఏ సందేహం కలిగినా బస్టాండు ముందు చాయ్ హోటల్లో కూర్చుని తీరుస్తున్నాడు. జపాను వాళ్లు పచ్చి చేప తింటారని ఊరంతా చాటింది కూడా అతనే.

"పరాయి దేశపోళ్లకు ఆడ ఇల్లియ్యరు భాయ్," అన్నాడు రామ్‌కిషన్. "తలుపు తీస్తరు. మన మొఖం చూస్తరు. నడుం వంచి దండం పెడ్తరు. మర్యాద జేస్తున్నరనుకొని నేను గూడ వంగిన. తలుపేసుకున్నంక తెలిసింది, ఆ వంగుడే పొమ్మనుడని."

"మరెట్ల?"

"జపానాయన ఎవరన్న పూచీ పడాలె. ఈళ్లు మంచోళ్లు, లొల్లి జెయ్యరు, గోడలు ఖరాబు జెయ్యరు, తాలింపు వాసన రానియ్యరు అని సంతకం బెట్టాలె. తాలింపంటె ఆళ్లకు జర భయం."

సదాశివ ఎరిగిన జపాను మనిషి ఒక్కరే, కార్ఖానాలో ఇంజనీరు కురోదా గారు. శుక్రవారం నాడు ధైర్యం చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో పూచీ సంగతి అడిగాడు. కురోదా గారు పళ్ల సందున గాలి పీల్చి ఊరుకున్నారు. శనివారం సాయంత్రం మాత్రం ఆయనే వెతుక్కుంటూ వచ్చి, అంతే వచ్చీరాని ఇంగ్లీషులో, "రేపు పొద్దున మీ ఇల్లు చూడటానికి వస్తాను. చాలా ముఖ్యం," అన్నారు. రామ్‌కిషన్ సంగతంతా విని ఒక్క మాటలో తేల్చేశాడు. "తనిఖీ."

తెల్లవారగానే మనోరమ పొయ్యి దగ్గర అలిగి కూర్చుంది. "తాలింపు లేని పప్పు పప్పెట్లయితది? దవాఖానల పెడ్తరు గసోంటిది."

"ఒక్క పూటనే మనోరమా."

"ఒక్క పూట తింటె నోరు సచ్చిపోతది. ఆడ ఏడాది ఎట్ల తింటం?"

"ఇల్లు దొరికినంక కిటికీలు మూసుకొని ఏస్కో తాలింపు," అన్నాడు సదాశివ. అప్పుడే తను పూచీకి పనికిరాని కిరాయిదారునని అతనికే అనిపించింది.

జపాను ఇళ్లలో చాపలు తప్ప ఇంకేమీ ఉండవని రామ్‌కిషన్ చెప్పి ఉన్నాడు. కనుక ఒక చాపా పొయ్యీ తప్ప మంచాలు, కుర్చీలు, బీరువా అన్నీ వాకిట్లోకి మోశారు. సాయానికి పక్కింటి వీరన్నను పిలిచారు. వీరన్న ఎందుకని అడగలేదు. ఇంట్లోంచి రోలు బయటికొచ్చాక ఇక అడిగేదేముందని, తన ఎడ్లబండి తోలుకొచ్చి సామానంతా ఎక్కించి తాడు బిగించాడు. సదాశివ లోపల గోడలు తుడుస్తున్నాడు. బయటికొచ్చి చూసేసరికి కాపురమంతా బండి మీదుంది.

"ఏడికి పోనియ్యాలె?" అన్నాడు వీరన్న.

సదాశివ జవాబు వెతుక్కునే లోపు ముందు వాటాలోంచి ఇంటి యజమానురాలు గౌహర్ బేగం బయటికొచ్చింది. జపాను ప్రయాణం మాట అతను ఆమె దగ్గర ఎత్తలేదు. ఎత్తితే ఆ రోజు నుంచే ఇంకొకరికి ఇల్లు చూపించడం మొదలుపెడుతుందని భయం.

"ఏం బేటా, ఖాళీ జేస్తున్నవా? నాతోని ఒక్క మాట గూడ అనలే!"

"లేదమ్మా... మా జపాను సారు ఇల్లు చూడనీకి వస్తున్నడు."

ఇది అక్షరాలా నిజం. నిజం చెప్పి ఇంత నష్టపోతానని సదాశివకు అప్పటికి తెలియదు.

"పచ్చి చేప తినేటాయనా? పోయిన నెలనే కంపెనీ వాళ్లు వచ్చి అడిగిన్రు. నేను ఇయ్యనన్న. ఇప్పుడు నువ్వు పోయి ఆయన్ని పెడ్తవా నా ఇంట్ల?" అని ఆమె కొంగు దోపుకుంది. పోట్లాట మొదలయ్యేదే, కానీ సరిగ్గా అప్పుడే కురోదా గారు సైకిలు దిగారు.

ఆయన గేటు బయటే బూట్లు విప్పి, జతగా పక్కకు పెట్టి, లోపలికొచ్చి నడుం దాకా వంగారు.

సదాశివ పై ప్రాణాలు పైనే పోయాయి. తనిఖీ మొదలు కాకముందే పొమ్మంటున్నారు! మర్యాదకు తనూ వంగబోయిన మనోరమ మోచేయి పట్టుకుని ఆపాడు. "వంగకు. మనం గూడ ఆయన్ని పొమ్మన్నట్టయితది." భార్యాభర్తలిద్దరూ కర్రల్లా నిలబడ్డారు. ఎవరూ బదులు వంగకపోవడంతో కురోదా గారు తన మర్యాద చాలలేదనుకుని ఇంకా కిందికి వంగారు. చివరికి గౌహర్ బేగం జాలిపడి ఆదాబ్ చేసింది. దాంతో ఆయన ఆమె వైపు తిరిగి, తల మోకాళ్లకు తగిలేలా వంగారు.

ఆమె దోపుకున్న కొంగు వదిలేసింది. "యా అల్లా, ఎంత అదబ్, ఎంత మర్యాద! నా సొంత అల్లుడు గూడ ఇంత వంగి సలాం జెయ్యలే. ఈయన గురించా అన్ని మాటలన్నరు?"

లోపల కురోదా గారు ఖాళీ గదులు తిరిగి తిరిగి చూశారు. చూసినకొద్దీ ఆయన మొహం ఎందుకో దిగులుగా మారుతున్నది. "నీళ్లు ఎప్పుడొస్తాయి?" అని కుళాయి వైపు చూపిస్తూ అడిగారు. "రోజూ కడుగుతాం సార్," అన్నాడు సదాశివ. "గాలి వస్తుందా?" అన్నారు. "వాసన అసలే రాదు సార్," అన్నాడు. ఆయనకేమర్థమైందో గానీ రెండింటికీ తల ఊపారు. గౌహర్ బేగం గుమ్మంలోనే నిలబడి, ఈసారి కిరాయిదారు కుళాయి సంగతి కూడా అడుగుతున్నాడని మెచ్చుకుంటున్నది.

మనోరమ చాయ్ కోసం పాలు పొయ్యి మీద పెట్టింది. చప్పుడు చేయవద్దన్నారు కనుక గిన్నె దగ్గర కూర్చోకుండా తలుపు చాటున నిలబడి మాటలు వింటున్నది. పాలు వాటి పని అవి చేశాయి. బుస్సుమని పొంగి, పొయ్యి మీదుగా నేల మీదికి పారాయి.

"ముబారక్!" అని గౌహర్ బేగం చప్పట్లు కొట్టింది. "పాలు పొంగినయ్! ఇగ ఇల్లు ఈయనదే."

"అమ్మా, అవి చాయ్ పాలు," అన్నాడు సదాశివ.

"ఎందుకు పెట్టిన పాలైతేంది? సామాను పోయింది, రోలు పోయింది. ఖాళీ ఇంట్ల పాలు పొంగినయ్. నువ్వొచ్చిన్నాడు గూడ గిట్లనే పొంగిచ్చినవ్ గదా? మీ రివాజు మీకు నేను చెప్పాల్నా?" అని ఆమె మందలించింది. హిందువుల కాపురాలు ఎన్నిటినో ఇంట్లో దింపుకున్న మనిషి. ఏ కిరాయిదారు ఆచారానికీ లోటు రానివ్వలేదని ఆమెకు పేరుంది.

ఇల్లు ఇస్తున్నదని మాత్రం కురోదా గారికి అర్థమైంది. చాప మీద కూలబడి కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వచ్చినప్పటి నుంచీ ఆయన కంపెనీ గెస్ట్‌హౌసులోనే పడి ఉన్నారు. అక్కడ భార్య, ఎప్పుడు రమ్మంటావని ప్రతివారం అడుగుతున్నది. ఇక్కడ ఏ తలుపు తట్టినా, నీకు ఈ ఊళ్లో ఎవరున్నారు, నీకెవరు పూచీ అంటున్నారు.

"మీరు ఎవరికైనా నా గురించి ఒక మాట చెబుతారేమోనని వచ్చాను," అన్నారాయన. "మీరు పూచీ అడిగిన రోజే నేనూ అడుగుదామనుకున్నాను. సిగ్గేసి, ఇల్లు చూస్తానన్నాను. వచ్చి చూస్తే, మీరు నాకోసం మీ ఇల్లే వదులుకుంటున్నారని దిగులేసింది."

సదాశివకు ఆ క్షణంలో ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. రామ్‌కిషన్ మీద ఏం కలిగిందో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

"మీరు శిక్షణకు వెళ్లేది మా ఊరికే. అక్కడ మా అమ్మకు మేడ మీద గదులున్నాయి," అని కురోదా గారు కొనసాగించారు. "పరాయి దేశం వాళ్లకు ఇవ్వనని ఇన్నేళ్లూ పట్టుబట్టింది. రేపే ఫోన్ చేస్తాను. తన కొడుక్కి జహీరాబాదులో ఇల్లిచ్చారంటే మా అమ్మ కాదనదు. మీకు పూచీ నేను. కానీ, ఇప్పుడు మీరెక్కడ ఉంటారు?"

సదాశివ నోరు తెరిస్తే జపాను ఇల్లు పోతుంది. మూసుకుంటే జహీరాబాదు ఇల్లు పోతుంది. అతను తెరవాలా మూయాలా అని ఆలోచిస్తుండగా మనోరమ ముందుకొచ్చింది. "మాకు ఈ ఊర్ల మస్తు ఇండ్లున్నయని చెప్పుండ్రి," అంది. సదాశివ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

వీరన్న బండి కదిలింది. సామాను మీద మనోరమ, పక్కన నడుస్తూ సదాశివ.

మొదటి ఇంటాయన అన్నీ విని, "దసరాకు జపాను పోయేటోనికి ఇప్పుడు ఇల్లిచ్చి ఏం జెయ్యాలె?" అన్నాడు. రెండో ఆయన బండి వైపు అనుమానంగా చూశాడు. "సామాను బండి మీదేసుకొని తిరుగుతున్నరంటె, ఆడ ఏమో జేసే వచ్చిన్రు." మూడో ఆయన ఏ ఊరని అడిగాడు. మొగుడంపల్లి అని చెప్పాడు సదాశివ. "గదే మరి. నువ్వు ఈ ఊరోనివి గాదు," అని ఆయన నింపాదిగా తలుపేసుకున్నాడు. నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ తలుపు తీసి, బండిని చూసి, రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టింది. సదాశివ వెంటనే బండి తిప్పమన్నాడు.

ఎండ తగ్గే వేళకు మహాదేవమ్మ ఇంటి ముందు ఎడ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఆమెకు వెనక వాటా ఖాళీగా ఉంది. తమ లింగాయతుల వాళ్లేనని తెలిసి సగం మెత్తబడింది. మిగతా సగానికి పూచీ అడిగింది.

"ఈ ఊర్ల ఇల్లున్న పెద్దమనిషి ఎవరన్న ఒచ్చి చెప్పాలె నాయినా. గట్లయితెనే."

ఈ ఊళ్లో ఇల్లున్న పెద్దమనుషుల్లో సదాశివ మాట వినేవాడు ఎవరా అని భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. ఉన్నది ఒక్కరే, అదీ ఆ పొద్దుటి నుంచే. వీరన్న వెళ్లి కబురు చెప్పాడు. కురోదా గారు సైకిలు మీద ఒగర్చుకుంటూ వచ్చి, బూట్లు విప్పి, మహాదేవమ్మ ముందు వంగారు. "చాలా మంచివాళ్లు. వాసన లేదు, చప్పుడు లేదు, సామాను కూడా లేదు," అని సాక్ష్యం చెప్పారు. బండి మీది సామాను వంక మహాదేవమ్మ ఒకసారి చూసి, పెద్దాయన మొహమాటానికి అలా అంటున్నాడనుకుంది.

తాళంచెవి చేతికిచ్చేటప్పుడు ఆమె మనోరమను పక్కకు పిలిచింది. మనోరమ పుట్టింట్లోనైనా, మెట్టినింట్లోనైనా కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి వచ్చింది లేదు.

"ఇల్లు మీదే అనుకోండ్రి బిడ్డా," అంది మహాదేవమ్మ, గొంతు తగ్గించి. "పచ్చి చేప మాత్రం బయట తినొచ్చి లోపటికి రాండ్రి."