దొరగారి బీడులో దుప్పి కొమ్ములు

చాలా పెద్ద అడవి అది. దాని నడుమ మోకాలెత్తు గడ్డితో ఒక బీడు ఉండేది. గండుదొర అనే పెద్దపులి వంశంవాళ్లు తాతల కాలం నుంచి ఆ బీడును తమ వేటకని అట్టిపెట్టుకున్నారు. దుప్పులు తప్ప ఇంకో మృగం అందులో అడుగు పెట్టకూడదు. అందుకే చుట్టుపక్కలంతా బోడిగా మారినా బీడు మాత్రం పచ్చగా ఉండేది. దుప్పులన్నీ అక్కడే మేసేవి, అక్కడే చచ్చేవి.

ఒక ఏడు దుప్పులు బాగా పలచబడ్డాయి. దొర కంగారుపడి సభ పెట్టించాడు.

"మా తాతగారు కనబడిన ప్రతిదాన్నీ వేటాడారు. మా నాన్నగారు ఆకలైనప్పుడే వేటాడారు. నేను ఇంకో మెట్టు ఎక్కుతున్నాను. ఇకమీదట వేట అనే మాట వద్దు, సంరక్షణ అనండి" అన్నాడు.

కార్యదర్శి నక్క గొంతు సవరించుకుని కొత్త రూలు చెప్పింది. ఆడవాటినీ పిల్లలనూ ముట్టుకోరు. పొడవాటి కొమ్ములున్న మగదుప్పులను మాత్రమే, అదీ ఇందుకోసం వేసిన సంఘం అనుమతితోనే, దొరగారు సంరక్షిస్తారు.

సంఘంలో దుప్పుల తరఫున చుక్కమ్మను వేసుకున్నారు. ఎవరేం చెప్పినా తల ఊపే అలవాటు ఆమెకుంది. ఆ రోజు కూడా ఊపింది. ఊపాక గానీ గుర్తు రాలేదు, మందలో అందరికన్నా పొడవైన కొమ్ములు తన మొగుడు కొమ్మన్నవేనని.

ఇంటికొచ్చి మొగుణ్ణి పెద్ద బండ దగ్గరకు తీసుకెళ్లింది.

"కొమ్ములు దీనికేసి కొట్టి విరగ్గొట్టుకో."

"విరగ్గొట్టుకుంటే నన్నెవరు మగాడంటారే?"

"బతికుంటే నేనంటాను. చస్తే ఎవరంటే ఏం లాభం?"

కొమ్మన్న చాలాసేపు నీళ్లలో తన నీడ చూసుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకుని బండను ఢీకొట్టాడు. అది చూసి మిగతా మగదుప్పులూ అదే పని చేశాయి.

దొర వేటకు, అంటే సంరక్షణకు, వచ్చి చూస్తే ఒక్క తల మీదా కొమ్ము లేదు.

"రూలు మార్చేద్దాం" అన్నాడు, కడుపు తడుముకుంటూ.

"మార్చొచ్చు దొరా" అంది నక్క. "కానీ పక్క అడవుల వాళ్లు మీకు వన్యప్రాణి బంధు అని బిరుదిచ్చారు. మొన్ననే శాలువా కప్పారు. ఇప్పుడు మారిస్తే పరువేం కాను?"

పరువు కడుపు నింపలేదు. దొర శాలువాతోనే పక్క అడవికి వెళ్లిపోయాడు, అక్కడ సంరక్షణ గురించి ఉపన్యాసాలిస్తానని చెప్పి.

దుప్పులు పండగ చేసుకున్నాయి. చుక్కమ్మను మెచ్చుకోని నోరు లేదు. కొమ్మన్న కూడా బోడితలతోనే మందలో దర్జాగా తిరిగాడు.

దొర వాసన గాలిలోంచి పోగానే రేచుకుక్కల గుంపు దిగింది. వాటికి సంఘమూ లేదు, రూలూ లేదు. చూలాలని చూడలేదు, పాలు తాగే పిల్లని చూడలేదు. చుక్కమ్మ చెల్లెల్ని ఆమె కళ్ల ముందే లాక్కెళ్లాయి. పులి భయం పోయిందని తెలిసి ఊరి పశువులు కూడా బీడులోకి వచ్చాయి. వానాకాలం రాకముందే గడ్డి వేళ్లదాకా పోయింది.

చుక్కమ్మ పక్క అడవికి నడిచి వెళ్లింది. దొర చెట్టు కింద పడుకుని ఉన్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"రండి దొరా. మీరు లేకపోతే మేము మిగలం."

"వస్తానమ్మా. మీ మీద నాకున్నంత ప్రేమ ఎవరికుంది? కానీ ఆకలితో కాపలా కాయలేను కదా."

చుక్కమ్మ తిరుగుముఖం పట్టింది. దొర కూడా వెనకే వచ్చాడు. ఒక్క గాండ్రింపుకు రేచుకుక్కలూ పశువులూ బీడు ఖాళీ చేశాయి.

మళ్లీ సంఘం కూర్చుంది. ఇకమీదట మగదుప్పులు కొమ్ములు విరగ్గొట్టుకోవడం అడవికి ద్రోహమని నక్క తీర్మానం ప్రవేశపెట్టింది. ఒప్పుకునేవాళ్లను కాలెత్తమంది.

చుక్కమ్మ మొగుడి వైపు చూసింది. అతని నుదుటి మీద కొత్త కొమ్ములు మెత్తటి నూగుతో అప్పుడే మొలుస్తున్నాయి. అతను తల తిప్పుకున్నాడు.

అందరికన్నా ముందు ఆమె కాలే లేచింది.

నీతి: మనల్ని కాపాడేవాణ్ణి వెతుక్కోవడం కష్టం కాదు, వాడి భోజనానికి మనలో ఎవర్ని పంపాలో ఒప్పుకోవడమే కష్టం.