శవానికి మార్కులు

గోరంట్ల పక్క పల్లెలో మల్లికార్జునకు రెండు ఆస్తులు. ఒకటి ఎండిపోయిన బోరు. రెండోది యూట్యూబులో సినిమాలను ఏకిపారేసే ఛానల్. ఒకదాంట్లో చుక్క లేదు, ఇంకోదాంట్లో పైసా లేదు. ఇంత కరువులోనూ ఎండనిది ఆయన నోరొక్కటే.

ఆ వారం ఇంట్లో పెంచుతున్న పట్టుపురుగులు గూడు కట్టేముందు ఉండే ఆకలి మీదున్నాయి. ఇంటి వెనక తోటలో మల్బరీ ఆకు వాడిపోతోంది. తడి తగలకపోతే ఆకు లేదు, ఆకు లేకపోతే పంట లేదు. నీళ్లున్నది గట్టు అవతల మామ ఎర్రన్న బోరులోనే. అడుగుదామంటే, పెళ్లయిన కొత్తలో "మీ నీళ్లు నాకెందుకు మామా, మా బోరు గంగమ్మ తల్లి" అని మీసం మెలేసి ఉన్నాడాయె.

"పోయి అడిగితే ఏం పోతాది?" అంది భార్య పుష్పావతి.

"అడగడం చేతకానోళ్ల పని. మనిషిని మెత్తబరిచి, ఆయనే ఇచ్చేట్టు చేయాల."

"ఎట్లా?"

"మీ నాయనకు 'కోటగడ్డ పోరు' సినిమా అంటే ప్రాణమంట కదా. పిలిచి, ఓలిగలు పెట్టి, టీవీలో అది ఏసి, మంచిచెడ్డలు విడమరిచి చెప్తా. నా తెలివికి మురిసిపోయి ఆయనే పైపు ఏస్తాడు."

పుష్పావతి ఎగాదిగా చూసింది. "ఆ సినిమా సంగతి నీకు ఎన్నోసార్లు చెప్పినా. గుర్తుండాదా?"

"ఊఁ" అన్నాడు మల్లికార్జున, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఏం చెప్పినా?"

"అదే... నువ్వు చెప్పినావే, అదే."

"సరే, కానీ" అని ఆమె ఓలిగల పూర్ణానికి శనగబ్యాళ్లు ఉడకేయడానికి పోయింది.

ఆదివారం ఎర్రన్న ఇస్త్రీ పంచె కట్టుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. అత్త సుబ్బరత్నమ్మ తలనిండా కనకాంబరాలు పెట్టుకొచ్చింది. ఇరుగుపొరుగు కూడా టీవీ కనపడేట్టు వాకిట్లో నీడన చాపలు పరుచుకున్నారు. అందరూ తన అభిమానులే అనుకున్నాడు పాపం మల్లికార్జున.

సినిమా మొదలైంది. యుద్ధం రాగానే మల్లికార్జున రిమోట్ అందుకుని బొమ్మ ఆపాడు.

"బలాలు ఒప్పుకోవాల మామా. గుర్రాలు నిజమైనవి, కొండలు నిజమైనవి, ఎండ నిజమైనది. ఆ దుమ్ము చూడు, మన ముక్కులోకే వచ్చినట్టుండాది. ఇందాక తల్లి కొడుకును యుద్ధానికి పంపిస్తా ఏడుపు మింగుకునింది చూసినావా? ఆడ నూటికి నూరు."

"బాగా చెప్తాండావు అల్లుడా" అని ఎర్రన్న మీసాల్లో నవ్వాడు.

పైపు సగం దూరం వచ్చేసినట్టే. అక్కడితో నోరు మూసుకుంటే ఎంత బాగుండేది! మూసుకుంటే ఆయన మల్లికార్జున ఎందుకవుతాడు?

"లోపం ఒకటే. ఈ శవం." తెర దగ్గరికి పోయి వేలుపెట్టి చూపించాడు. "వీడు చచ్చినోడా? పొట్ట ఎగిరిపడతాంది. ఇదో, తొడ గోక్కుంటాండాడు. వీడే ముందు మన సైన్యంలో చచ్చినాడు. తలపాగా మార్చి శత్రువుల్లో చచ్చినాడు. మళ్లా ఈడొచ్చి చచ్చినాడు. ఏ రాజు మీదా విశ్వాసం లేదు. ఇట్లాంటి దద్దమ్మను పెట్టి బంగారమట్లా సినిమాను చెడగొట్టినారు. శవానికి పదికి సున్నా!"

సుబ్బరత్నమ్మ చేతిలో ఓలిగ నోటిదాకా పోయి ఆగిపోయింది.

"ఆ దద్దమ్మ మా నాయన" అంది పుష్పావతి, నెయ్యి వడ్డిస్తూ. "నేను పుట్టకముందు, కరువు సంవత్సరం. సినిమావాళ్లు మన కొండకు వచ్చినారు, చచ్చినోళ్లకు అన్నం పొట్లం ఇస్తారంటే ఊరంతా పోయి చచ్చినారు. ఒక చావు తనకు, ఒకటి మా అవ్వకు, ఒకటి మా మేనత్తకు. అందుకే మూడుసార్లు చచ్చినాడు. పెళ్లయినప్పట్నించి చెప్తానే ఉండా. నువ్వు ఊఁ అంటానే ఉండావు."

ఎండకుండా మిగిలిన ఆ ఒక్క నోరూ అప్పుడు ఎండింది.

"అదే మామా నేను చెప్పొచ్చేది... ఆ పొట్ట ఎగరడంలో ఒక జీవం ఉండాదని..."

"శవంలో జీవమా?" అన్నాడు ఎర్రన్న చేయి కడుక్కుంటూ. "నీళ్లకోసం పిలిచినావని తెలుసులే అబ్బోడా. పుష్ప నిన్ననే వచ్చి అడిగింది. పైపు కూడా ఏసినా."

మల్లికార్జున భార్యవైపు చూశాడు. ఆమె ఓలిగల గిన్నెవైపు చూసింది.

"కానీ ఇప్పుడొక షరతు. పోయి వాకిట్లో ఎండలో పండుకో. నా మాదిరి చావు. నువ్వు కదలకుండా, నోరు మెదపకుండా ఉండేంతసేపు నీళ్లు పారతాయి. కదిలినావంటే మోటారు బంద్."

పురుగుల ఆకలి గుర్తొచ్చి మల్లికార్జున పోయి పడుకున్నాడు. ఎర్రన్న ఫోన్లో మీట నొక్కి మోటారు వేశాడు. అభిమానులు చాపలు ఇటు తిప్పుకున్నారు. ఇంటి వెనక నీళ్లు పారుతున్న చప్పుడు విని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. శవానికి అది తగదని అణుచుకున్నాడు.

పుష్పావతి ఆయన ఫోనే తెచ్చి వీడియో మొదలుపెట్టింది.

"బలాలు ఒప్పుకోవాల. మీసం నిజమైనది, ఎండ నిజమైనది. లోపం ఒకటే, పొట్ట ఎగిరిపడతాంది."

అందరూ ఘొల్లుమన్నారు. చెవి వెనక చీమ కుట్టింది. పళ్లు బిగించాడు. ఎర్రన్న వేలు మీటమీదే ఉంది.

పుష్పావతి వంగి, చెవి దగ్గర అడిగింది.

"ఏమయ్యా, ఇప్పుడన్నా నేను చెప్పేది వింటాండావా?"

పెళ్లయిన తర్వాత మొట్టమొదటిసారి మల్లికార్జున "ఊఁ" అనలేదు. అంటే మోటారు ఆగిపోతుంది.