కూజా మొక్కకు కాపలా

ఆ శనివారం పొద్దున అలోయిస్ మూడు వారాలకు సరిపడా సంచి సర్దుకుంటున్నాడు. మోకాళ్ళ నొప్పులకు జెసెనిక్ కొండల్లో నీటివైద్యం చేయించుకోమన్నాడు డాక్టరు. అక్క ద్రహొమీరా రొట్టెల మధ్య వేపిన మాంసం పెట్టి, రైల్లో తినమని సంచిలో కుక్కింది. భార్య పోయాక అతను అక్క దగ్గరే ఉంటున్నాడు.

"అక్కా, నా కూజా మొక్క జాగ్రత్త. పళ్ళెంలో వాన నీళ్ళు పొయ్యి. ఇంకేం చెయ్యకు."

"ఇంకేం చేస్తాన్రా, కూర వండుతానా?"

సంచి పట్టుకుని ఎవరు గడప దాటినా ఇక తిరిగి రారేమోనని ఆమెకు భయమే. కానీ పురుగుల్ని మింగే ఆ మొక్క కిటికీలో ఉన్నంతకాలం తమ్ముడు తిరిగొస్తాడని ధీమా.

అతను అటు వెళ్ళాడో లేదో, కుండీ కింది పళ్ళెంలో తెల్లటి నలుసులు గెంతుతూ కనిపించాయి. వందల కొద్దీ పురుగులు! మొక్క వేళ్ళు కొరికేస్తున్నాయనుకుని పక్కవాటా హినెక్‌ను కేకేసింది. అతని ఇంటినిండా చేపల తొట్లే.

"ఇంతేనా? మా రాకుమారుణ్ణి వదిలితే క్షణంలో ఊడ్చేస్తాడు," అంటూ హినెక్ పోటీల్లో బహుమతి కొట్టిన బుల్లి చేపను తెచ్చి పళ్ళెంలో వేశాడు.

రాకుమారుడు నిజంగానే ఊడ్చేశాడు. ఆ హుషారులో ఎగిరి, నీళ్ళతో నిండిన కూజాలాంటి ఆకులో పడ్డాడు.

"మింగేసింది! కత్తెర తెండి!"

"ఆకు కోస్తే మొక్క చచ్చిపోతుందయ్యా!"

"చస్తే చావనీండి. అక్కడున్నది నా చేప!"

"దీనికోసం తిరిగి రావాల్సింది నా తమ్ముడు!" ద్రహొమీరా గరిటె ఎత్తి కిటికీకి అడ్డం నిలబడింది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కళ్ళజోడు మరిచిపోయి వెనక్కొచ్చాడు అలోయిస్.

"పళ్ళెంలో పురుగులేవి?"

"చేప తినేసింది."

"చేపేది?"

"మీ మొక్క తినేసింది," అన్నాడు హినెక్ ఏడుపు గొంతుతో.

"నీళ్ళలో పాచి తింటాయని ఆ పురుగుల్ని నేనే వేశానక్కా!"

"ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అన్నాడు హినెక్.

అలోయిస్ పక్కవాటా వైపు ఓరగా చూశాడు. తన చేపల మేతకు పెంచే పురుగుల తొట్టి ఎందుకు పలచబడిందో హినెక్‌కు అర్థమైపోయింది.

"మీ ఇద్దరి మధ్యా దీన్ని వదిలి వెళ్తే బతికినట్టే!" అంటూ అలోయిస్ కుండీని చంకనెత్తుకున్నాడు. ఆకులో చేప తోక ఆడింది.

"అయ్యా, నా రాకుమారుడు!"

"అక్కడ డాక్టర్లున్నారు, తీయిస్తాను."

"కుండీ ఇక్కడే ఉంచరా," అంది అక్క.

"మూడు వారాలేగా!" రైలు తప్పిపోతుందని పరుగెత్తాడు.

కళ్ళజోడు బల్లమీదే ఉండిపోయింది. ద్రహొమీరా దాన్ని తుడిచి, కుండీ ఉన్న చోట కిటికీలో పెట్టింది. దీనికోసమైనా రాక తప్పదు.

కొండల్లో ఆ వైద్యశాల వంట చూసుకునే బ్లజెనా ఆ మొక్కను చూసి ముచ్చటపడింది. చేపకు గాజు సీసా ఇచ్చింది. అలోయిస్‌కు కొత్త కళ్ళజోడు కొనిపెట్టి, అతన్ని పెళ్ళి చేసుకుంది.

మే నెల రెండో శనివారం వెళ్ళిన అలోయిస్ తిరిగి రాలేదు. చేప కూడా.